కుడితి తొట్టి పోయిన చోట వానపాముల తొట్టి

మా చిన్నతనంలో పల్లెటూళ్ళలో ఇంటింటి పెరటిలోను ఒక కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీరు, కూరగాయల తొక్కలు, మిగిలిన గంజి, కంచంలో వదిలిన నాలుగు మెతుకులు అందులోకి చేరేవి. సాయంత్రం ఇంటికి వచ్చిన గేదె ఆ తొట్టిని ఖాళీ చేసేది. గేదె తినని దానిని పెంటకుప్పలో వేసేవారు. వేసవిలో ఆ కుప్పను బండ్ల మీద పొలానికి తోలేవారు. వంటింటి నుంచి వచ్చిన దానిని చెత్త అని మా ఇంట ఎవరైనా పిలిచినట్లు నాకు జ్ఞాపకం లేదు. చెత్త అంటే వాకిట ఊడ్చిన కసవు మాత్రమే.

ఇప్పుడు నేను నివసిస్తున్నది విజయవాడలో, ఒక భవనపు మూడవ అంతస్తులో. ఇక్కడ కుడితి తొట్టి లేదు, గేదె లేదు, పెంటకుప్ప లేదు. వాటన్నిటికీ బదులుగా ఒక ప్లాస్టిక్ సంచి వచ్చింది. కూరగాయల తొక్కలు, పాచిపోయిన అన్నం, పాల ప్యాకెట్లు, పగిలిన గ్లాసు, వాడిన ఇన్సులిన్ సూది అన్నీ ఆ ఒక్క సంచిలోకే వెళతాయి. దాని మూతి ముడివేసి తలుపు బయట పెడితే మన బాధ్యత తీరిందని అనుకుంటాం. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన నాకు, మన పట్టణాల అనారోగ్యంలో చాలా భాగం ఆ ముడి దగ్గరనే మొదలవుతున్నదని అనిపిస్తుంది.

రక్తపోటు, మధుమేహం, జ్వరాలను గురించి వ్రాసే నేను ఈసారి వానపాములను గురించి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. ఇది కూడా ఆరోగ్య విషయమే. ఎందుకు అలా అంటున్నానో మొదట చెప్పి, తొట్టిని అమర్చుకొనే విధానం తరువాత చెబుతాను.

ఒక చేయి నేర్పిన పాఠం

నేను ఒక తాలూకా ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులలో, పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె వాచిన కుడిచేతితో వచ్చింది. నాలుగు రోజుల క్రితం చెత్త ఎత్తుతుండగా సంచిలోని గాజుపెంకు అరచేతిలో గుచ్చుకున్నది. పైకి చిన్న గాటు. పసుపు అద్దుకొని మరునాడు పనిలోకి వెళ్ళింది. మా దగ్గరకు వచ్చేసరికి చీము వేళ్ళను ముడిచే స్నాయువుల తొడుగులలోకి పాకింది. చీము తీసి, ధనుర్వాతం రాకుండా సూదిమందు వేసి, పెద్ద ఆసుపత్రికి పంపాము. చేయి దక్కింది గాని, చిటికెన వేలు, ఉంగరపు వేలు వంగిపోయి మరి చాచుకోలేదు.

కట్టు మార్పించుకొనడానికి వచ్చినపుడు ఒకనాడు ఆమె నన్ను అడిగింది: "అయ్యా, గాజుపెంకును గాజుపెంకులాగ పారేస్తే మేం చూసుకుని తీస్తాం గదండీ. అన్నంలో కలిపి ఎందుకు పారేస్తారండీ?"

నేను సమాధానం చెప్పలేకపోయాను. అప్పటికి మా ఇంట కూడా ఒకే చెత్తబుట్ట ఉండేది. వైద్యుని ఇల్లు గనుక సూదులు, మందుసీసాలు మిగిలిన ఇళ్ళకంటె ఎక్కువే ఉండేవి. ఆమె అడిగిన ప్రశ్న నాకు కూడా తగిలేదే.

కలపడంలోనే ఉన్నది కీడు

తడి చెత్త విడిగా ఉంటే అది నేలకు ఆహారం. పొడి చెత్త విడిగా ఉంటే కాగితం, గాజు, లోహం, ప్లాస్టిక్ తిరిగి పనికి వస్తాయి. రెండింటినీ కలిపితే రెండూ పాడవుతాయి. తడిసి కుళ్ళిన కాగితాన్ని ఎవరూ కొనరు. ప్లాస్టిక్, బ్యాటరీలు కలిసిన తొక్కల ఎరువును ఏ రైతూ పొలంలో వేయడు. మిగిలే దారి ఊరి బయటి గుట్ట మాత్రమే.

ఆ గుట్ట చేరేలోగా, చేరిన తరువాత ఏమి జరుగుతుందో వైద్యుని కంటితో చూడండి. మన వేసవి వేడిలో ఇంటి ఈగ గ్రుడ్డు నుంచి రెక్కల ఈగగా మారడానికి వారం, పది రోజులు చాలు. కుళ్ళే ఆహారం దానికి పురుటిల్లు. ఆ ఈగే మలం మీద వ్రాలి, తరువాత మన పళ్ళెం మీద వ్రాలి టైఫాయిడ్‌ను, రక్తవిరేచనాలను, కలరాను మోసుకొని రాగలదు. ఆహారం దొరికిన చోట ఎలుకలు పెరుగుతాయి. వాటి మూత్రం కలిసిన వాననీటిలో నడిచినవారికి, కాలిపై పుండ్లు, పగుళ్ళు ఉంటే లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. చెత్తకుప్ప ఉన్నచోట వీధికుక్కల గుంపు ఉంటుంది. కుక్కకాటు తరువాత సకాలంలో టీకా వేయించుకోక రేబీస్ లక్షణాలు మొదలైతే రోగి బ్రతకడం దాదాపు అసంభవం. ముడివేసిన సంచిని విప్పలేని ఆవు, లోపలి అన్నం కోసం ఆ సంచితో సహా మ్రింగుతుంది. గాలి చొరని గుట్ట లోపల కుళ్ళే ఆహారం నుంచి మీథేన్ వాయువు పుడుతుంది. నిప్పు అంటుకుంటే ఆ గుట్టలు రోజుల తరబడి పొగలు కక్కుతాయి. చుట్టుప్రక్కల బస్తీలలోని ఉబ్బసపు రోగులు ఆ రోజులలో ఎలా గడుపుతారో వారిని చూసిన వైద్యులకు తెలుసు.

1994 సెప్టెంబరులో సూరత్ నగరంలో ప్లేగు వార్త వెలువడినపుడు లక్షలాది ప్రజలు రైళ్ళెక్కి ఊరు విడిచారు. ఆ ఏడాది వరదనీరు, తీయని చెత్త, చచ్చిన పశువుల కళేబరాలు ఆ నగరాన్ని ముంచివేశాయి. మరుసటి ఏడాది కమీషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు గారి కాలంలో అదే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాలలో ఒకటిగా పేరు తెచ్చుకున్నది. ఆ మార్పుకు కొత్త మందేమీ కారణం కాదు. చెత్తను ప్రతిదినం క్రమంగా తీయడం, ఆ పనికి అధికారులు వీధులలో నిలబడి బాధ్యత వహించడం ముఖ్య కారణాలు. ప్రజారోగ్యంలో చీపురు చేసిన మేలు మందుసీసా చేసిన మేలుకు తీసిపోదు.

ఇల్లు దాటని చెత్త

"ఇది పురపాలక సంఘం వారి పని, మనం పన్ను కట్టడం లేదా?" అని చాలామంది మిత్రులు అంటారు. చెత్తను తీసుకొని పోవడం వారి పనే, సందేహం లేదు. దానిని వేరుచేయడం మాత్రం మన పని. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి చెత్తను, పొడి చెత్తను, ఇంటిలోని ప్రమాదకర వ్యర్థాలను విడివిడిగా ఉంచి ఇవ్వవలసిన బాధ్యతను ప్రతి ఇంటిపైన ఉంచాయి. సమ్మతించిన ఊళ్ళు ఫలితం చూపించాయి కూడా. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో మన సూర్యాపేట పురపాలక సంఘం ఇంటింటా తడి, పొడి చెత్తలను వేరుగా సేకరించి, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్పించి దేశమంతటి దృష్టిని ఆకర్షించింది. అది ధనిక నగరం కాదు, ఒక మధ్యతరహా పట్టణం.

ఇంకొందరి ఆక్షేపణ దీనికంటె బలమైనది. "మేము వేరుచేసి ఇస్తాము. బండిలో రెండూ కలిపివేస్తారు. మా శ్రమ ఎందుకు?" ఇది అబద్ధం కాదు. మా వీధిలో నేను కళ్ళారా చూశాను. రెండు రంగుల డబ్బాలు ఒకే బండిలో ఒకే కుప్పగా పడుతుంటే కోపం వచ్చింది, రెండు రోజులు వేరుచేయడం మానివేశాను కూడా. తరువాత ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. ఇల్లు దాటని చెత్తను ఎవరూ కలపలేరు. తొక్కలు మా బాల్కనీలోనే ఎరువైతే బయటకు వెళ్ళేది పొడి చెత్త మాత్రమే. దానిని ఏ బండిలో ఎలా పోసినా అది కుళ్ళదు, కంపు కొట్టదు, ఈగను, ఎలుకను పిలవదు. దానిలో చేయి పెట్టేవారికి ఏది ఏమిటో కనిపిస్తుంది.

ఇంటిలో వానపాముల తొట్టి ఉండాలని నేను కోరడానికి ముఖ్యకారణం ఇదే. ఎరువు దాని లాభాలలో రెండవది.

వానపాము దేహధర్మం

తొట్టిని నడపడానికి వానపాము శరీరాన్ని గురించి కొంత తెలిస్తే మిగిలిన నియమాలు వాటంతట అవే అర్థమవుతాయి. వానపాముకు ఊపిరితిత్తులు లేవు. తేమగా ఉన్న చర్మం ద్వారానే ప్రాణవాయువును గ్రహిస్తుంది. చర్మం ఎండితే ఊపిరాడదు. తొట్టి నీటితో నిండి గాలి పోతే అప్పుడూ ఊపిరాడదు. దానికి కళ్ళు లేవు, కాని చర్మంలోని కణాలు వెలుతురును గుర్తిస్తాయి. అందుచేత అది చీకటినే కోరుతుంది. దానికి పళ్ళు లేవు. అన్నకోశంలో గట్టి కండరపు సంచి ఒకటి ఉంటుంది. మ్రింగిన ఇసుకరేణువుల సాయంతో ఆ సంచి ఆహారాన్ని తిరగలిలాగ నూరుతుంది. నిజానికి తొక్కలను మొదట మెత్తబరచేవి సూక్ష్మజీవులు. వానపాము ఆ మెత్తబడిన పదార్థాన్ని, దానిపైని సూక్ష్మజీవులను కలిపి తిని, నల్లని సన్నని గుళికలుగా విసర్జిస్తుంది. ఆ విసర్జనమే ఎరువు.

ఛార్లెస్ డార్విన్ తన చివరి గ్రంథాన్ని 1881లో వానపాములు నేలను తయారుచేసే తీరుపైననే వ్రాశాడు. జీవపరిణామాన్ని వివరించిన మేధావి ఏళ్ళ తరబడి ఎర్రలను పరిశీలిస్తూ కూర్చున్నాడంటే అవి మనం అసహ్యించుకోవలసిన జీవులు కావని గ్రహించాలి.

పెరటిలో త్రవ్వితే దొరికే వానపాములన్నీ ఈ పనికి పనికిరావు. వాటిలో చాలా జాతులు లోతుకు పోయి మట్టిని తినేవి. మనకు కావలసినవి నేలపైపొరలో, కుళ్ళిన ఆకులలో బ్రతికే జాతులు. ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజెనియే అనేవి విరివిగా దొరుకుతాయి. పెరియోనిక్స్ ఎక్స్కవేటస్ అనేది మన ప్రాంతపు వేడికి అలవాటుపడిన జాతి. కృషి విజ్ఞాన కేంద్రాలలో, వర్మీ కంపోస్టు తయారుచేసే రైతుల దగ్గర వీటిని అడగవచ్చు. అరకిలో వానపాములతో మొదలుపెడితే చాలు. అనుకూలంగా ఉంటే కొన్ని మాసాలలో అవే వృద్ధి చెందుతాయి.

తొట్టిని అమర్చుకొనే విధానం

మేము ఇద్దరమే. మా వంటింటి తడి చెత్త రోజుకు సుమారు 400 గ్రాములు ఉంటున్నది. దానికి రెండు ప్లాస్టిక్ తొట్లు, ఒక పాత మట్టికుండ సరిపోయాయి. మనుషులు ఎక్కువగా ఉన్న ఇంటిలో తొట్లను పెంచుకోవాలి.

తొట్టి పొడవు రెండడుగులు, వెడల్పు అడుగున్నర, లోతు ఒక అడుగు ఉంటే మేలు. వానపాములు పైపొరలోనే మేస్తాయి గనుక లోతుకంటె వైశాల్యం ముఖ్యం. అడుగున, ప్రక్కల పైభాగంలో, మూతలో సన్నని రంధ్రాలు చేయించాలి. తొట్టిని నాలుగు ఇటుకల మీద నిలిపి, క్రింద పళ్ళెం పెట్టాలి.

అడుగున రెండు అంగుళాల మందాన కొబ్బరి పీచు పరచాలి. దానిపై తడిపి పిండిన వార్తాపత్రికల పేలికలు, ఎండుటాకులు, కొబ్బరి పొట్టు కలిపి నాలుగు అంగుళాలు వేయాలి. దానిపై రెండు మూడు వారాలు మాగిన పశువుల పేడ రెండు గుప్పిళ్ళు, మట్టి ఒక గుప్పెడు చల్లాలి. పచ్చి పేడ వేడి పుట్టిస్తుంది గనుక వేయరాదు. తేమ ఎంత ఉండాలనేది తెలియడానికి ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయింది. ధార కారితే నీరు ఎక్కువ. చేయి తడవకపోతే నీరు చాలదు. ఇలా తయారైన పరుపును రెండు రోజులు ఉంచి, వేడి లేదని చేతితో చూసుకొని, అప్పుడు వానపాములను విడవాలి. పైన తడి గోనెపట్టా కప్పి మూత పెట్టాలి.

వంటింటి తొక్కలను నేరుగా తొట్టిలో వేయకుండా, ముందు మట్టికుండలో అంతే పరిమాణం ఎండుటాకులతో కలిపి రెండు వారాలు మగ్గనిస్తాము. ఆ కాలంలో పుట్టవలసిన వేడి పుట్టి పోతుంది, పరిమాణం కూడా బాగా తగ్గుతుంది. తరువాత రెండు మూడు రోజులకు ఒకసారి, తొట్టిలో ఒక మూల పరుపును తొలగించి, అక్కడ పెట్టి, మరల కప్పివేయాలి. తరువాతిసారి మరొక మూల. వేసినది సగం మాయమయిన తరువాతనే కొత్తది వేయాలి. శిశువుకు అన్నప్రాశన నాడు పట్టెడన్నం పెట్టరు గదా. మొదటి నెలలో వానపాముల విషయంలో కూడా అదే పద్ధతి.

రెండు మూడు నెలలలో పరుపంతా నల్లబడి, తొలకరి వానకు తడిసిన నేలవాసన వస్తుంది. అప్పుడు తొట్టిలో ఒక ప్రక్కన మాత్రమే ఆహారం వేస్తూ పోతే వానపాములు చాలావరకు ఆ ప్రక్కకు చేరుకుంటాయి. రెండవ ప్రక్కనుంచి ఎరువును తీసుకోవచ్చు.

వేయదగినవి, వేయరానివి

కూరగాయల తొక్కలు, ఆకుకూరల కాడలు, అరటితొక్కలు, టీ పొడి, కాఫీ పిప్పి, మెత్తగా దంచిన కోడిగ్రుడ్ల పెంకులు, దారం తీసివేసిన పూజాపుష్పాలు, ముక్కలుగా చింపిన అరటి ఆకులు వేయవచ్చు. నిమ్మ, బత్తాయి తొక్కలు, చింతపండు పిప్పి వంటి పుల్లనివి, ఉల్లి, వెల్లుల్లి పొట్టు చాలా కొద్దిగా మాత్రమే వేయాలి. మామిడి తొక్కలను లోతుగా కప్పకపోతే సన్నని ఈగలు ముసురుతాయి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు అరగవు.

మాంసం, చేపలు, ఎముకలు, పాలు, పెరుగు, నూనె, ఊరగాయలు, ఉప్పు, కారం కలిసిన కూరలు వేయరాదు. అవి కుళ్ళి ఎలుకలను పిలుస్తాయి. ఉప్పు వానపాముల చర్మాన్ని దహిస్తుంది. కుక్కల, పిల్లుల మలం, పసిపిల్లల డయపర్లు ఎంతమాత్రం వేయరాదు. వానపాముల తొట్టిలో రోగక్రిములను చంపగలిగినంత వేడి పుట్టదు. మిగిలిపోయిన మాత్రలు, యాంటీబయాటిక్ మందులు కూడా వేయరాదు.

నేను చేసిన తప్పులు

ఈ విషయాలలో కొన్ని నేను పుస్తకాల నుంచి కాక, వానపాములను చంపుకొని నేర్చుకున్నాను. మొదటి సంవత్సరం తొట్టిని మేడమీద పెట్టాను. బెజవాడ ఎండలు సంగతి తెలిసి కూడా గోనెపట్టా కప్పితే చాలుననుకున్నాను. మే నెలలో ఒక మధ్యాహ్నం మూత తీస్తే అన్నీ చచ్చి ఉన్నాయి. తొట్టిలోని వేడి 35 డిగ్రీలు దాటితే వీటికి ప్రాణాపాయం. ఇప్పుడు మా తొట్లు ఉత్తరపు బాల్కనీలో, ఎండ తగలని మూలన ఉన్నాయి. వేసవిలో గోనెపట్టాను రోజుకు రెండుసార్లు తడుపుతాను.

రెండవ తప్పు ఇంటిలో వ్రతం జరిగిన నాడు చేశాను. మిగిలిన పులిహోర, పిండిన నిమ్మచెక్కలు అన్నీ ఒకేసారి తొట్టిలో పోశాను. తెల్లవారుజామున మా ఆవిడ బాల్కనీ తలుపు తీసి, "ఏమండీ, మీ రోగులు మంచాలు దిగి పారిపోతున్నారు, వచ్చి చూడండి" అని కేకవేసింది. వానపాములు రంధ్రాలలోంచి బయటపడి గచ్చు మీద ప్రాకుతున్నాయి. వానపాములు తొట్టి విడిచి వస్తున్నాయంటే లోపల పులుపు, వేడి, నీరు వీటిలో ఏదో ఒకటి మితి మీరిందని అర్థం. ఆ రోజంతా పులిహోర ఏరి, పొడి కాగితాలు కలిపి, నాలుగు రోజులు ఆహారం ఆపితే తొట్టి కుదుటపడింది.

మూడవది నేను వైద్యునిగా సిగ్గుపడవలసిన తప్పు. చీమలు ఎక్కకుండా ఇటుకల క్రింద నీటి పళ్ళాలు పెట్టాను. వారం తరువాత చూస్తే వాటిలో దోమపిల్లలు ఈదుతున్నాయి. డెంగూ దోమ ఇటువంటి నిలువ నీటిలోనే పెరుగుతుంది. ఈ పళ్ళాలను, తొట్టి క్రింది పళ్ళాన్ని మూడు రోజులకు ఒకసారి పారబోసి, రుద్ది కడగాలి. చెత్త సమస్యను తీర్చబోయి దోమల సమస్యను తెచ్చుకోరాదు.

ఆరోగ్య జాగ్రత్తలు

తొట్టిలో చేయి పెట్టేటప్పుడు రబ్బరు చేతితొడుగులు ధరించండి. పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. ధనుర్వాతపు క్రిమిబీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. పది సంవత్సరాలలో ధనుర్వాతపు టీకా తీసుకోనివారు తీసుకోవడం మంచిది. మధుమేహం ఉన్నవారు చేతి, కాలి పుండ్లతో మట్టిని, ఎరువును తాకరాదు. ఎండిపోయిన ఎరువును జల్లిస్తే దుమ్ముతో పాటు బూజు బీజాలు లేస్తాయి. ఉబ్బసం ఉన్నవారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు ఆ పనిని ఇతరులకు అప్పగించాలి. మిగిలినవారు కూడా ఎరువును కొద్దిగా తడిపి, మూతికి గుడ్డ కట్టుకొని, గాలి ఆడే చోట జల్లించాలి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా వంటివాటిని ఏ ఎరువుతో పెంచినా బాగా కడిగి తినాలి.

ఈ ఎరువు సర్వరోగ నివారిణి అని కొందరు ప్రచారం చేస్తారు. అది మొక్కలకు మంచి ఆహారం, నేలను గుల్లపరుస్తుంది. అంతవరకే. తొట్టి క్రింద కారిన నీరు కూడా దివ్యౌషధం కాదు. అది ఎక్కువగా కారుతుంటే తొట్టిలో తేమ మితిమీరినదని గ్రహించి పొడి కాగితాలు కలపాలి. ఆ నీటిని పది రెట్ల మంచినీటితో కలిపి పూలమొక్కలకు పోయవచ్చు.

చివరి మాట

"మా ఇంట మొక్కలే లేవు, ఎరువు ఏం చేసుకోము?" అని అడిగేవారు ఉన్నారు. వీధిలోని వేపచెట్టు మొదట్లో చల్లండి. ఏ చెట్టూ వద్దనదు. "వానపాములంటే ఒళ్ళు జలదరిస్తుంది" అనేవారు మట్టికుండలో ఎండుటాకులతోనే ఎరువు చేసుకోవచ్చు, ఆలస్యమవుతుంది అంతే. వృద్ధాప్యం చేత, అనారోగ్యం చేత ఇవేవీ చేయలేనివారు కనీసం రెండు బుట్టలు పెట్టుకోండి. వానపాముల తొట్టి అందరికీ సాధ్యం కాకపోవచ్చు. వేరుచేయడం అందరికీ సాధ్యమే.

ఆ పారిశుద్ధ్య కార్మికురాలికి నేను ఆనాడు ఇవ్వలేని సమాధానం ఈనాడు మా ఇంటి అలవాటుగా మారింది. మా వంటింటి నుంచి తడి చెత్త గడప దాటదు. పగిలిన గాజును నాలుగు మడతల వార్తాపత్రికలో చుట్టి, పైన 'గాజు' అని పెద్ద అక్షరాలతో వ్రాసి, బండి వచ్చినపుడు చేతికి అందిస్తాను. ఇన్సులిన్ సూదులను మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, నిండిన తరువాత ఆసుపత్రిలో ఇచ్చివస్తాను. దీనికి ఖర్చయ్యేది రోజుకు పది నిమిషాలు.

మా పెద్దల కాలంలో గేదె తిన్న కుడితికి బదులు పాలు ఇచ్చేది. వానపాము పాలు ఇవ్వదు గాని, ముక్కు తెలియని ఒకరి చేతివేళ్ళను కాపాడుతుంది. ఒక తొట్టి పెట్టుకొనడానికి ఆ కారణం చాలునని నా అభిప్రాయం.